ముంజేతి కంకణంలో మర

1810 జూన్‌లో నేపుల్స్ రాణి కరోలిన్ మురా పారిస్‌లోని గడియారాల నిపుణుడు బ్రెగేకు ఒక వింత కోరిక పంపింది. ఆమె నెపోలియన్ చిన్న చెల్లెలు. గడియారం కావాలి గానీ అది చేతికి కట్టుకునేదై ఉండాలంది. గడియారమంటే జేబులోనో గొలుసుకు వేలాడుతూనో ఉండే రోజులవి. రెండేళ్ల పైన పట్టింది. 1812 చివరికి చేతికొచ్చింది కోలగా, పలచగా ఉన్న వాచీ. అడిగితే గంటలు మోగిస్తుంది, చంద్రకళలు చూపిస్తుంది. పట్టీ మాత్రం వెంట్రుకలు, బంగారు తీగ కలిపి అల్లింది. బ్రెగే పద్దుల్లో దాని మరమ్మతు లెక్కలు 1855 దాకా కనిపిస్తాయి. ఆ తర్వాత జాడ లేదు.

1868లో జెనీవాలోని పటెక్ ఫిలిప్ బంగారు కంకణంలో వాచీ పొదిగింది. అది హంగరీకి చెందిన ఒక దొరసానికి చేరింది. అప్పటికీ పేచీ తీరలేదు. చేతి నగ చిన్నదిగా ఉండాలని కంసాలి అంటాడు, చిన్నదైతే టైము తప్పుతుందని వాచీ మేస్త్రి అంటాడు. మేస్త్రి మాటే నిజం. వాచీకి గుండెలాంటి బ్యాలెన్స్ చక్రం ఎంత చిన్నదైతే, చెయ్యి ఊపినప్పుడల్లా దాని ఊపు అంత తేలిగ్గా చెదురుతుంది. అందుకే 1920ల దాకా ఆడవాళ్ల వాచీలు చూడముచ్చటగా ఉండేవి, టైముకు మాత్రం నమ్మదగినవి కావు.

1925లో స్విట్జర్లాండ్‌లోని లెకూల్త్ర కర్మాగారం, పారిస్‌లోని జేగర్ కలిసి ఈ చిక్కు విప్పాయి. మరలన్నీ ఒకే వరసలో ఇరికించడం మానేసి, స్థలం చాలని ఊళ్లో ఇల్లు కట్టినట్టు రెండంతస్తులు లేపారు. చక్రాలు ఒక అంతస్తులో, బ్యాలెన్స్ మరోదాంట్లో. దాంతో వెడల్పు తగ్గినా బ్యాలెన్స్ కుంచించుకుపోలేదు. డుయోప్లాన్ అని పేరు పెట్టారు. కీ ఇచ్చే బొడిపెను కూడా వెనక్కి తిప్పేశారు, నగ అంచు చెడకుండా. నాలుగేళ్లకు, 1929లో, అదే బాటలో కాలిబర్ 101 అనే మర వచ్చింది. పొడవు 14 మిల్లీమీటర్లు, అంటే రెండు బియ్యపు గింజలు వరసగా పెట్టినంత. వెడల్పు 4.8, మందం 3.4, బరువు గ్రాము. 1953లో పట్టాభిషేకం నాడు ఎలిజబెత్ రాణి చేతికి ఉన్నది ఇలాంటిదే. అందరూ 101నే పొగుడుతారు గానీ, నా మట్టుకు అసలు తెలివంతా డుయోప్లాన్‌దే.

వాచీలు చేసే పియాజే కుటుంబం దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. జూరా కొండల్లోని లా కోత్ ఓ ఫే అనే పల్లెలో, 1957లో, వాళ్లు 9పి అనే మర చేశారు. మందం కేవలం 2 మిల్లీమీటర్లు. అడ్డంగా ఎంతైనా పరుచుకోనీ, ఎత్తు మాత్రం లేవకూడదు. మర అంత పలచనయ్యేసరికి పైన చోటు మిగిలింది. ఆ చోటులో 1960లలో రాళ్లు వచ్చి కూర్చున్నాయి: లాపిస్, మలకైట్, పులికన్ను రాయి. పల్చగా కోసిన ఆ పలకలే డయల్. 1969లో బాసెల్ ప్రదర్శనకు తెచ్చిన వెడల్పాటి బంగారు కడియాల్లో వాచీ ఎక్కడుందో వెతుక్కోవాలి. బంగారు తీగను గుడ్డ నేసినట్టు నేసిన పట్టీలైతే ఎక్కడ పట్టీ ఆగి ఎక్కడ వాచీ మొదలైందో చెప్పనివ్వవు. ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు గానీ, దీన్ని చదవాలంటే కళ్లజోడు కావాలి.

తర్వాత రెండు దెబ్బలు ఒకదాని వెంట ఒకటి తగిలాయి. 1970లలో చవక క్వార్ట్జ్ వాచీలు వచ్చాయి. 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు ఎగబాకింది. ఎన్నో కంకణాలు కాటా ఎక్కి, అక్కడి నుంచి మూసలోకి వెళ్లాయి. కాటాలో బంగారమే తూగింది గానీ మజూరీ తూగలేదు. పట్టీ పోయిన పలచని మరలు పాత వాచీ సామాను అమ్మేవాళ్ల దగ్గర ఇప్పటికీ విడిగా దొరుకుతుంటాయి. మూసలో వేసేముందు వాటిని ఊడదీసి పక్కన పడేశారు, అందులో బంగారం లేదని.