లోహాన్ని తాగే మొక్కలు: దువ్వాడ కాలవ గట్టు నుంచి ఒక చరిత్ర

కొంచెం పెద్ద పోస్టు ఇది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

మా చిన్నమ్మ వాళ్లు పాడేరు వైపు నుంచి వచ్చి దువ్వాడ స్టేషన్ అవతల ఉంటున్నారు. చిన్నాన్నది కాంట్రాక్టు పని. ఇంటి వెనక కాలవ గట్టున కాస్త జాగా ఉంది. కొండ మనుషులం కదా, ఖాళీ మట్టి కనిపిస్తే ఊరుకోలేం. తోటకూర, గోంగూర వేసేసింది. ఆ కాలవకు ఎగువన ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టే చిన్న షెడ్డు ఉండేదని తర్వాతెప్పుడో తెలిసింది. నేను చదివింది బోటనీ. "ఈ కూర తినొద్దు చిన్నమ్మా, సీసం ఉంటుంది" అన్నాను. "ఇంత పచ్చగా ఉంటే దీనికేటి రోగంరా?" అంది.

మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

లోహమున్న నేలను మొక్కను చూసి పట్టొచ్చని గనులు తవ్వేవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. మన దగ్గర వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలో ఏ చెట్టు ఉంటే ఎంత లోతులో నీళ్లు పడతాయో చెప్పడానికి ఒక అధ్యాయమే ఉంది. అది నీటి సంగతి. లోహం విషయానికొస్తే, 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల పుస్తకంలో ఖనిజం ఉన్న చోట మొక్కలు ఎలా ఉంటాయో రాశారు. 1583లో ఇటలీలో సెసాల్పినో అనే వైద్యుడు, టస్కనీలోని నల్లరాళ్ల గుట్టల మీద మాత్రమే పెరిగే ఒక మొక్కను గుర్తించాడు. ఆఫ్రికాలో కటంగా, జాంబియా ప్రాంతాల్లో మన తులసికి చుట్టమయ్యే ఒక మొక్క రాగి ఉన్న నేలలో ఎక్కువగా పూస్తుంది. దాని వెంట పోయి రాగిని కనుక్కున్నవాళ్లున్నారు. అదే కుటుంబంలోని ఇంకో పువ్వు జాడ పట్టుకుని పాత రాగి కొలుముల స్థలాలను బయటపెట్టారు పురావస్తు శాస్త్రవేత్తలు. ఈ తెలివి మొదట ల్యాబుల్లో పుట్టింది కాదు, ఆ నేల మీద నడిచినవాళ్లది. మన తాతలు ఏ గెడ్డ పక్కన ఏ మొక్క మొలుస్తుందో చెప్పగలరు. దాన్ని ఎవరూ జ్ఞానం అనలేదు, అంతే.

సెసాల్పినో చూసిన మొక్కలో అసలేముందో తెలియడానికి 1948 దాకా పట్టింది. మింగుజ్జి, వెర్న్యానో అనే ఇద్దరు ఇటలీ శాస్త్రవేత్తలు ఆ ఆకుల్ని కాల్చి బూడిదను పరీక్షిస్తే నికెల్ బయటపడింది. ఎండిన ఆకు బరువులో దాదాపు ఒక శాతం! మామూలు మొక్కకు అందులో చాలా చిన్న భాగమే విషం.

ఆ తర్వాతిది నాకు బాగా నచ్చిన ఘట్టం. పసిఫిక్‌లో న్యూ కలెడోనియా అనే దీవి ఉంది, కనాక్ ఆదివాసులది. ఫ్రాన్స్ పాలనలో నికెల్ కోసం అక్కడి కొండల్ని తవ్వుకుంటూ వచ్చారు. అక్కడి అడవిలో ఒక చెట్టుకు గాటు పెడితే పాలు నీలం పచ్చ రంగులో కారతాయి. 1976లో జాఫ్రే, బ్రూక్స్ మరికొందరు కలిసి వాటిని పరీక్షించారు. ఎండిన పాలలో నాలుగో వంతు నికెలే. మరుసటి ఏడాది, 1977లో, బ్రూక్స్ బృందం పాత హెర్బేరియంలలోని ఎండుటాకుల ముక్కలు తెప్పించుకుని పరీక్షించి, ఇలాంటి మొక్కలు ఇంకా ఉన్నాయని చూపింది. వీటినే హైపర్ అక్యుములేటర్లంటారు. మనం అతిగా పోగుచేసే మొక్కలు అనుకోవచ్చు.

అదే 1977లో మన విశాఖలో ఇంకొకటి మొదలైంది. గాజువాక పక్కన మిందిలో హిందుస్థాన్ జింక్ వారి స్మెల్టర్. దువ్వాడ నుంచి ఊళ్లోకి వెళ్తుంటే ఆ వైపే వస్తుంది. అప్పటికే 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన అయింది, రేవు ఉంది, బైలాడిల్లా ఇనుప ఖనిజం మన అరకు లోయ మీదుగా రైళ్లలో దిగుతోంది. కొండల్లోని లోహమంతా కిందికి వచ్చి చేరే చోటు ఇది. జింకు ఖనిజంతో ఒక చిక్కుంది. అది ఒంటరిగా రాదు, వెంట సీసం, కాడ్మియం వస్తాయి. ఆ స్మెల్టర్ 2012లో మూతపడింది. ఈలోగా 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్యం కింద లెక్క. విశాఖకు 70.82 వచ్చింది. పటాన్‌చెరు–బొల్లారానికి 70.07. ఎక్కువ మార్కులొస్తే బాధపడాల్సిన పరీక్ష అదొక్కటే అనుకుంటా.

కాడ్మియం ఏం చేస్తుందో జపాన్‌ను అడగాలి. తొయామాలో పారే జింజు నదికి ఎగువన కమియోకా అనే జింకు, సీసం గని. దాని మురుగు నదిలో కలిసింది, ఆ నీరు వరి మళ్లలోకి పోయింది. వరి పచ్చగానే పండింది. ఆ అన్నం ఏళ్ల తరబడి తిన్న ఆడవాళ్లకు మూత్రపిండాలు పాడై, ఎముకలు పెళుసెక్కి, దగ్గినా విరిగేవి. దాని పేరే ఇతాయ్ ఇతాయ్, అంటే "నొప్పి నొప్పి" అని. 1968లో ప్రభుత్వం అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బని ఒప్పుకుంది. పాడైన పొలాల మట్టిని బాగుచేసే పని 1979లో మొదలై 2012లో గానీ పూర్తి కాలేదు. అది కూడా మొక్కలతో కాదు, పాత మట్టిని పూడ్చి పైన కొత్త మట్టి పరిచి.

చిన్నమ్మకు జవాబు ఇదే. పచ్చదనం సాక్ష్యం కాదు. ఆకుకూరలు కాడ్మియాన్ని ఇట్టే లాక్కుంటాయి, వాటికి ఏమీ అవదు. సీసం ఆకులోకి అంతగా ఎక్కదు గానీ ఆకుకు అంటిన దుమ్ములో, మట్టిలో ఉంటుంది, చిన్నపిల్లల మెదడుకు చేటు. మట్టిని శుభ్రం చేసే గుణం, కూరను విషం చేసే గుణం, రెండూ ఒకటే!

ఆ గుణాన్ని కావాలని వాడుకుందామన్న ఆలోచనను 1983లో అమెరికా వ్యవసాయ శాఖలోని రూఫస్ చేనీ రాశాడు. 1990లలో న్యూజెర్సీలోని రట్గర్స్‌లో ఇల్యా రాస్కిన్ బృందం మన వంటింటి ఆవ మొక్కతో సీసం లాగే ప్రయోగాలు చేసింది. సీసం మట్టిని వదలదు కాబట్టి ఈడీటీఏ అనే రసాయనం పోశారు. సీసం కరిగింది గానీ మొక్కలోకి ఎక్కినది కొంతే, మిగతాది భూగర్భజలం వైపు దిగింది. ఉత్సాహం చల్లబడింది. చెర్నోబిల్ పొద్దుతిరుగుడు పూల కథ అందరూ చెబుతారు, అది చెరువు నీళ్లలో చేసింది, మట్టిలో కాదు, అందుకే వదిలేస్తున్నా. 2001లో లీనా మా బృందం ఆర్సెనిక్‌ను తాగే ఒక ఫెర్న్‌ను కనిపెట్టింది. ఆ ఫెర్న్ మన దేశంలో పాత గోడల ఇటుకల సందుల్లో కూడా మొలుస్తుంది. తెలుగు నేల మీద ఈ పని చేసినవారిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన ఎం.ఎన్.వి. ప్రసాద్ గారిని చెప్పుకోవాలి. బోటనీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆయన పుస్తకాలు లైబ్రరీలో అడగండి.

ఎంత కాలం పడుతుందో ఊరికే ఒక లెక్క వేద్దాం. ఎకరం నేలలో పై జానెడు మట్టి వెయ్యి టన్నులనుకోండి. టన్నుకు 5 గ్రాముల కాడ్మియం ఉంటే మొత్తం 5 కిలోలు. ఏడాదికి 2 టన్నుల ఎండు పంట కోసి, టన్నుకు 100 గ్రాములు లాగే గట్టి మొక్కను వేసినా వచ్చేది 200 గ్రాములు. అంటే పాతికేళ్లు! పైగా కోసిన గడ్డిని పశువుకు పెట్టకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. అందుకే "చెట్లు నాటాం, కాలుష్యం పోయింది" అని ఎవరన్నా బోర్డు పెడితే రెండు ప్రశ్నలు అడగాలి: ఏ మొక్క వేశారు, కోసి ఎక్కడ పెట్టారు? ఉక్కునగరంలో లక్షల చెట్లున్నాయి, దుమ్ము ఆపుతాయి, నీడనిస్తాయి, మంచిదే. మట్టిలో లోహం తీయడం వేరే పని. బాక్సైట్ కోసం మన కొండల్ని అడిగిన ప్రతిసారీ "తవ్వాక మళ్లీ పచ్చగా చేస్తాం" అనే మాట వినిపించింది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నా.

లోహాన్ని బయటికి తీయకుండా ఉన్నచోటే పట్టి ఉంచే దారి ఇంకోటుంది. దానికి గట్టి మొక్క వట్టివేరు. మనిషి లోతు దాటి వేరు దిగుతుంది, మట్టి కొట్టుకుపోనివ్వదు, లోహాన్ని చాలావరకు వేళ్లలోనే ఆపేస్తుంది. గనుల వ్యర్థాల గుట్టల మీద చాలా దేశాల్లో దీన్నే నాటుతున్నారు.

కాలవ గట్టు మట్టిని తెలిసినవాళ్ల ల్యాబులో చూపించాను. సీసం ఎక్కువే ఉందన్నారు. తోటకూర, గోంగూర పీకేశాం. ఊరి నుంచి తెచ్చిన మట్టిని సిమెంటు గోనెల్లో నింపి, కూరలన్నీ వాటిలో వేసింది చిన్నమ్మ. గట్టున వరసగా వట్టివేరు నాటాం. మొన్న ఎండాకాలం వెళ్తే దుబ్బులు నడుమెత్తు పెరిగాయి. "వేళ్లు తవ్వి మంచినీళ్ల కుండలో వేస్తాను, చలవ" అంది.

ఆ వేళ్లు మాత్రం వద్దే వద్దన్నాను.

"మరి దేనికి నాటావురా?" అని అడిగింది. మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను.