అన్నమా? భాగమా?

మన గోదావరీ మండలమున ఏ పుణ్యక్షేత్రమున కేగినను, అది పెనుగొండలోని వాసవీ కన్యకాపరమేశ్వరి సన్నిధియే కానిండు, అంధులకును పంగువులకును ఇంత పెట్టనివా రరుదు. దయ మనకు క్రొత్త కాదు. అయినను ఆ దయ చేసిన దెంత, చేయలేని దెంత యని చరిత్ర నడిగినచో ఒక విచిత్రమైన యుత్తరము లభించుచున్నది. వికలాంగునకు అన్నము పెట్టుటను మన పూర్వులు ధర్మమనిరి. భాగము పెట్టుటకు మాత్రము చిరకాలము సమ్మతింపరైరి.

యాజ్ఞవల్క్యస్మృతి దాయవిభాగమును జెప్పుచు పంగువు, ఉన్మత్తుడు, జడుడు, అంధుడు, చికిత్సకు లొంగని రోగము గలవాడు మున్నగువారిని పేర్కొని, వీరు పోషింపదగినవారే కాని యంశమున కర్హులు కారని విధించినది. దానికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరయే దాయవిషయమున మన ప్రాంతమునకు ప్రమాణమయ్యెను. 13వ శతాబ్దిలో కేతన దానిని తెలుగున వెలయించెను. ఈ విధిలో కారుణ్యము లేదనరాదు. అట్టివారికి అన్నవస్త్రము లీయనివాడు పతితుడగునని మనువు శాసించెను. నిర్దోషులైన వారి పుత్రులకు భాగమును గలదు. కాని ఫలిత మేమి? అన్నదమ్ములలో ఒకడు యజమాని, ఒకడు ఆశ్రితుడు. వాని కంచములోని మెతుకు లితరుల మనోభావముపై నాధారపడినవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై మన పల్లెలలో పొలమే సర్వస్వమైన పిదప, పొలములో భాగము లేకుండుట యెంతటి లోటో వేఱుగ చెప్పనేల?

1928లో చేసిన శాసన మొకటి ఈ ప్రతిబంధకమును చాలవఱకు తొలగించెను. రోగము చేతగాని, అంగవైకల్యము చేతగాని మితాక్షర ననుసరించు హిందువున కెవనికిని వారసత్వము పోగూడదని నిర్ణయించి, పుట్టినది మొదలు ఉన్మాదమో బుద్ధిమాంద్యమో గలవారిని మాత్రము విడిచిపెట్టెను. 1956నాటి హిందూ వారసత్వ చట్టముతో ఆ మినహాయింపును పోయెను.

కుష్ఠరోగి కథ యింతకంటె కఠినము. అతనికి పోయినది ఆస్తిలో భాగమే కాదు, ఊరిలో భాగము. 1898నాటి కుష్ఠరోగుల చట్టము అమలైన తావులలో దిక్కులేని రోగిని పట్టి ఆశ్రమమునకు పంపవచ్చును. అతడు ఊరి బావిలో నీళ్లు తోడుట, తినుబండారము లమ్ముట నిషేధింపవచ్చును. కెనడా బాప్టిస్టు మిషనుకు చెందిన ఇసబెల్ హేచ్ అను వనిత రామచంద్రపురమున ఇట్టివారికొక ఆశ్రమము నెలకొల్పెను. మనవారే ముట్టని పుండ్లను పరదేశీయులు కడిగిరి. ఆ ఋణము మఱువరానిది. అయినను పెనుగొండనుండి రామచంద్రపురము చేరవలెనన్న వసిష్ఠను దాటి, కోనసీమను గడచి, గౌతమిని దాటవలెను. రోగి అన్నమునకును ఔషధమునకును చెల్లించిన మూల్యము తన యూరే.

ఈ దూరమును తగ్గించినది ఔషధము. 1940ల దశకమున డాప్సోను వాడుకలోనికి వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలు మందుల నొక్కటిగ నిచ్చు పద్ధతిని సూచించెను. ఇంటనే యుండి మాత్రలు మ్రింగి రోగి స్వస్థుడగుచున్నాడు. 1898నాటి చట్టము మాత్రము 2016 వఱకు బ్రదికియుండెను. కుష్ఠు విడాకులకు కారణమగుట 2019లో గాని తొలగలేదు. మందు నడచినంత వేగముగా మనస్సు నడువలేదు.

2011 జనాభా లెక్కలలో దేశమున వికలాంగులు 2.68 కోట్లు, వారిలో పదింట ఏడుగురు పల్లెవాసులు. 2016నాటి హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, 6 మొదలు 18 ఏండ్లవఱకు బాలబాలికలకు దాపునున్న బడిలో ఉచితవిద్యను హక్కుగా నొసగెను. ఆంధ్రప్రదేశమున 2024లో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలయ్యెను. పింఛను మంచిదే, అది అన్నము. బడి భాగము.

నేను పనిచేసిన యొక పల్లెబడికి కాళ్లు చచ్చుపడిన బాలుని అతని తాత దినమును భుజముపై మోసికొని వచ్చెడివాడు. మేమందఱము ఆ ముదుసలి ప్రేమను కొనియాడితిమి. బడి ముంగిటి మూడు మెట్లప్రక్క ఏటవాలుగ కాస్త సున్నమురాయి వేయింపవలెనని మాలో నెవ్వరికిని తోచలేదు. ఒక వర్షకాలమున తాత మంచము పట్టెను; బాలుని చదువు నాటితో నిలిచిపోయెను. ఆ కొనియాడినవారిలో నేను నొకడను.

చదువరులారా, శాసనములు చేయవలసినంత చేసినవి. ఆస్తి పంపకముల నాడు గ్రుడ్డి తమ్ముని పేరు దస్తావేజులో వ్రాయుట, చెవిటి చెల్లెలిని పెండ్లిపందిటిలో మన సరసన కూర్చుండబెట్టుట, బడిమెట్ల ప్రక్క వాలుదారి వేయించుట రాజధానిలో జరుగు పనులు కావు. మన వాకిట జరుగవలసినవి. అన్నము పెట్టి పుణ్యము కట్టుకొంటిమి. ఇక భాగము పెట్టి ఋణము తీర్చుకొందము.