బాగన్ దాతుక్ రామమందిరాలు

ఇంగ్లండు పల్లెలకు వెళ్ళినవారు ఏడెనిమిది వందల ఏళ్ళనాటి చర్చిలు చూసి, ఫొటోలు తీసుకుని వస్తారు. నా దృష్టిలో ఆ రాతిగోడల కన్నా విలువైనవి అక్కడి రిజిస్టర్లు. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ప్రతి పారిష్ చర్చిలోనూ బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసిపెట్టడం మొదలైంది. అందువల్లే ఈనాడు ఆస్ట్రేలియాలోనో, అమెరికాలోనో ఉన్న మనిషి తన పూర్వీకుడు ఏ పల్లెలో పుట్టాడో వెతికి పట్టుకోగలుగుతున్నాడు. వలస వెళ్ళిన మన తెలుగువారికి అటువంటిది ఏమైనా ఉందా? మలేషియాలోని బాగన్ దాతుక్ ప్రాంతంలో, తోటల మధ్య ఉన్న రామమందిరాలను చూశాక ఉందనే అనిపించింది.

బాగన్ దాతుక్ పెరాక్ రాష్ట్రంలో, పెరాక్ నది సముద్రంలో కలిసేచోట ఉంది. కౌలాలంపూర్ నుంచి తీరం వెంబడి కారులో వెళ్ళి, బెర్నామ్ నది దాటి, హుతాన్ మెలింతాంగ్ మీదుగా చేరుకోవచ్చు. బాగన్ అంటే మలయ్‌లో రేవు. దాతుక్ అంటే తాత, లేదా పెద్దమనుషులకిచ్చే బిరుదు. 2017లో ప్రత్యేక జిల్లా అయింది. దారికి రెండువైపులా కొబ్బరిచెట్లు, మధ్యమధ్య మురుగుకాలవలు, ఎక్కడ చూసినా పల్లపు నేల. కోనసీమలో పుట్టినవారికి వేరే దేశం వచ్చామన్న సంగతి కాసేపు గుర్తుకు రాదు.

మనవాళ్ళను ఇక్కడికి తెచ్చింది కంగాణీ పద్ధతి. తోటలో పనిచేసే కంగాణీని కంపెనీ ఇండియాకు పంపితే, అతను తన ఊరి చుట్టుపక్కల మనుషులను పోగుచేసి తెచ్చేవాడు. ఓడఖర్చు కోసం 1907లో తోటల యజమానుల నుంచి పన్ను వసూలుచేసి ఒక నిధి ఏర్పాటు చేశారు. దాని పేరు తమిళ ఇమ్మిగ్రేషన్ ఫండ్. విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చినవారు కూడా ఆ పేరు కిందనే ఓడ ఎక్కారు! మద్రాసు దగ్గర ఆవడి డిపోలో చేర్చుకుని, పెనాంగ్ ఎదుట జెరెజాక్ దీవిలో క్వారంటీన్‌లో ఉంచి, తరువాత తోటలకు పంచేవారు. ఈ ప్రాంతపు పెద్ద కంపెనీల్లో ఒకటైన జెందరాటాను 1906లో స్థాపించిన ఆగె వెస్టెన్‌హోల్జ్ డెన్మార్కు ఇంజనీరు. (ఇంజనీర్లు చెయ్యని పని లేదు కదా.)

మలయాలో తెలుగువారు 1921 జనాభా లెక్కల్లో సుమారు 40 వేలు. 1947 నాటికి సుమారు 24 వేలు. మధ్యలో ఆర్థికమాంద్యం వచ్చి కూలీలను వేలకువేలుగా తిప్పిపంపారు; 1938లో భారత ప్రభుత్వం కూలీల వలస ఆపేసింది; యుద్ధకాలంలో జపానువారు తోటల మనుషులను సయాం రైలుమార్గం పనికి తోలుకుపోయారు. మిగిలినవారు రాముణ్ణి పట్టుకుని మిగిలారు.

తోటలో పిల్లలుంటే బడి పెట్టాలని 1923 లేబర్ కోడ్ చెప్పింది. గుడి కట్టాలని మాత్రం చెప్పలేదు. కూలీ లైన్ల చివర ఓ రేకుల షెడ్డు, అందులో చెక్కఫ్రేములో శ్రీరామ పట్టాభిషేకం పటం, ఒక హార్మోనియం, నాలుగు జతల తాళాలు. ఇవే మందిరం. శనివారం రాత్రి భజన, శ్రీరామనవమికి పానకం, వడపప్పు. పిల్లలకు అక్షరాలు చెప్పించడం, తగవులు తీర్చడం, పెళ్ళిమాటలు కూడా ఆ షెడ్డులోనే.

నేను చూసిన ఒక మందిరంలో పటాల మధ్య చందాదారుల బోర్డు ఉంది. నల్లరంగు చెక్కమీద తెల్ల అక్షరాలు, తెలుగులో. అప్పలస్వామి, సింహాచలం, అప్పలనరసమ్మ, సన్యాసి. పేర్లు చదువుతుంటే జిల్లా తెలిసిపోతుంది; సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకునేది ఉత్తరాంధ్రవారే. అంతకన్నా ముఖ్యమైనది, ప్రతి పేరు ముందూ ఇంటిపేరు ఉంది. మలేషియా ప్రభుత్వ కాగితాల్లో మనిషిని "ఫలానావారి కొడుకు", "ఫలానావారి కూతురు" అని రాస్తారు. ఇంటిపేరుకు చోటులేదు. మూడు తరాలు గడిచేసరికి చాలా ఇళ్ళలో అది మరుగునపడింది. మందిరం పెద్దాయన ఒకరు "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగి, నేను చెప్పాక, "మా తాతది ఇసాపట్నం దిక్కంట, ఊరు తెలీదు" అన్నారు. ఆయన తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఇంటిపేరు మాత్రం తలకి ఎత్తున, గోడమీద ఉంది. చదివి వినిపిస్తే రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు.

ఈ బోర్డులు ఎన్నాళ్ళుంటాయి? స్వాతంత్ర్యం ముందూ వెనకా చాలామంది తెల్లదొరలు తోటలను ముక్కలుచేసి అమ్ముకుని వెళ్ళారు. కొబ్బరి ధర పడిపోయాక కోకో, తరువాత పామాయిల్ వచ్చాయి. పనివాళ్ళు పట్నాలకు పోయారు, మందిరం మాత్రం కంపెనీ స్థలంలో ఉండిపోయింది. 1965 జాతీయ భూమి చట్టం ప్రకారం ఎన్నేళ్ళు అనుభవంలో ఉన్నా ఆ స్థలం సొంతం కాదు. తోట చేతులు మారితే మందిరమూ కదలవలసిందే. ఇంగ్లండులో జనం రాక ఖాళీపడిన చర్చిల కోసం 1969లోనే ఒక నిధి పెట్టారు. దాని కింద ఇప్పుడు 350కి పైగా చర్చిలు ఉన్నాయి. మన రేకుల షెడ్లకు అటువంటి ఆసరా లేదు.

బాగుపడిన మందిరాలకూ ఇంకో చిక్కు ఉంది. డబ్బు సమకూరగానే గ్రానైటు, టైల్సు, రాజగోపురం వస్తాయి. అది తప్పనను; నాలుగు తరాలు రేకుల కింద కూర్చున్నవారు గోపురం కోరుకోరా? కాని పాత చెక్కబోర్డు మొదట పాత్రల గదిలోకి, అక్కణ్ణుంచి పొయ్యిలోకి పోతుంది. కొత్త పాలరాతి ఫలకం మీద కొత్త దాతల పేర్లు మాత్రమే ఉంటాయి.

1955లో మలయా ఆంధ్ర సంఘంగా పుట్టిన మలేషియా తెలుగు సంఘం భాషకోసం ఎంతో చేస్తోంది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఆ సభలకు వెళ్ళినవారు ఈ సభలోనూ ఉండవచ్చు. పెట్రోనాస్ టవర్లు చూడడానికి వెళ్ళే మన కుటుంబాలకు బాగన్ దాతుక్ ఒక్కరోజు పని. నవమి రోజుల్లో తలుపులు తెరిచే ఉంటాయి. మిగతారోజుల్లో తాళంచెవి పక్క ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర దొరుకుతుంది. దేవుడి ఫొటో ఎలాగూ తీస్తారు. గోడమీది పాత బోర్డులూ, గంటమీద చెక్కిన పేర్లూ, హార్మోనియం పెట్టె లోపల రాసిన తేదీలూ కూడా తియ్యండి. అక్కడి పెద్దలను కూర్చోబెట్టి ఇంటిపేర్లు చదివి వినిపించి, ఒక ప్రింటు మందిరంలో ఇచ్చి రండి.