సన్నబియ్యం, ముతకబియ్యం, మావాడి కంచం

మూడేళ్ల కిందటి మాట. ఒకరోజు మావాడు అన్నం కలపకుండా, ఒక్కో మెతుకూ ఏరి కంచం అంచున పెడుతున్నాడు. ఏంట్రా అంటే, "ఇవి వేరేగా ఉన్నాయమ్మా" అన్నాడు. వంగి చూస్తే నిజమే, కొన్ని మెతుకుల రంగు కాస్త తేడాగా ఉంది. అవి అప్పట్లో రేషన్ బియ్యంలో కలిపిన ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, గింజలా అచ్చుపోసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలిపేవారు. మా వీధిలో చాలామంది వాటిని ప్లాస్టిక్ బియ్యం అనుకుని చేటలో ఏరి పారబోసేవాళ్లు.

మావాడిది భయం కాదు. కొందరు పిల్లలకు చొక్కా వెనకాల లేబుల్ గుచ్చుకున్నట్టు, వాడికి తిండి నోట్లో తగిలే తీరు గుచ్చుకుంటుంది. అన్నం ముద్దయితే డోకొస్తుంది. గట్టిగా ఉంటే నమలకుండా ఉమ్మేస్తాడు. అది మొండితనం కాదనీ, వాడి ఇంద్రియాల తీరే అంతనీ థెరపిస్టు చెప్పాక గానీ నాకు అర్థం కాలేదు. నాకేమో రక్తహీనత. సాయంత్రమయ్యేసరికి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు.

అప్పట్లో సరుకుల ఖర్చు తగ్గించాలని కొన్న సన్నబియ్యం మానేసి రేషన్ బియ్యం వండడం మొదలుపెట్టాను. నెలాఖరుకి లెక్క చూసుకుంటే మిగిలిందేమీ లేదు. వాడు వదిలేసిన అన్నం పారబోయడం, వాడి ఆకలికి బ్రెడ్డో అటుకులో కొనడం, రాత్రి మళ్లీ ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టడం. బియ్యం చౌకే. కంచం మాత్రం చౌక కాలేదు.

ఇది నా ఒక్కదాని తలనొప్పి అనుకున్నాను. మా అమ్మమ్మనీ మా అత్తగారినీ కదిపితే తెలిసింది, అరవై ఏళ్లుగా మన బియ్యం కథంతా ఇదేనని.

మా అమ్మమ్మది నల్గొండ జిల్లా. ఆమె చిన్నతనంలో వరన్నం పండక్కీ చుట్టాలకీ. మామూలు రోజుల్లో జొన్న గటక, జొన్న రొట్టె. రాయలసీమలో అయితే రాగి సంగటి. ఇప్పుడు మనం జొన్నలు ఆరోగ్యమని ఎక్కువ డబ్బు పెట్టి కొంటున్నాం గానీ, అప్పుడది పేదింటి తిండి. ధర తక్కువ, చాకిరీ ఎక్కువ. దంచాలి, చెరగాలి, తెల్లవారుజామున విసుర్రాయి తిప్పాలి, ఒక్కో రొట్టే అరచేత్తో తట్టాలి. "రొట్టెలు అయ్యేసరికి నాకు తినే ఓపిక ఉండేది కాదే" అంటుంది అమ్మమ్మ. వరన్నమైతే కడిగి ఎసట్లో పోస్తే చాలు. మన ఆడవాళ్లు వరికి అంత త్వరగా అలవాటు పడ్డారంటే ఒక్క రుచి కోసమే అనుకోకండి.

1965, 66 సంవత్సరాల్లో వరసగా వర్షాలు దెబ్బతీశాయి. అమెరికా నుంచి పీఎల్-480 కింద ఓడల్లో గోధుమలు వచ్చిపడుతున్న రోజులవి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 అనే పొట్టి వంగడాన్ని విడుదల చేసింది. మన దగ్గర పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దాన్ని పండించి పేరు తెచ్చుకున్నారు. పంట విరగపండింది. దేశం ఆకలి తీరడానికి ఆ వంగడం చేసిన మేలు చిన్నది కాదు.

మా అత్తగారిది ఆ జిల్లాయే. ఆమె జ్ఞాపకం మాత్రం వంటింట్లోది. "వేడి మీద బానే ఉండేదమ్మా. చల్లారితే రాయే. మీ మావగారి క్యారేజీ సగం అలాగే తిరిగొచ్చేది." అందులో అబద్ధం లేదు. ఐఆర్-8 గింజ లావు, లోపల సుద్దలా తెల్లగా ఉంటుంది, మరపట్టిస్తే నూక ఎక్కువ. అందులో అమైలోజ్ అనే పిండిపదార్థం పాలు ఎక్కువ కాబట్టి అన్నం చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. ఎకరానికి ఎన్ని బస్తాలన్న లెక్క అందరూ వేశారు. తిరిగొచ్చిన క్యారేజీ లెక్క ఆమె ఒక్కతే వేసింది.

1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 25 కిలోలు. జొన్న, రాగి తిన్న ఇళ్లలో వరన్నం రోజూ ఉడకడం చాలాచోట్ల అప్పటినుంచే. ఆ తర్వాత ధర పెరిగింది, 2008లో మళ్లీ రెండు రూపాయలైంది, 2011లో రూపాయికి దిగింది. ఎన్నికల్లో ఎప్పుడూ ధర గురించే మాట. గింజ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

గింజ మాత్రం మారుతూనే ఉంది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, అదే మన సాంబమసూరి, వచ్చింది. మలేషియా మసూరి రకం దాని పూర్వీకుల్లో ఒకటి, పేరులో మసూరి అందుకే. సన్నగింజ, మెత్తని అన్నం, చల్లారినా నోటికి బాగుంటుంది. తర్వాత హెచ్‌ఎంటీ వచ్చింది. అది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన చిన్న పొలంలో ఏరి నిలబెట్టిన రకం. గడియారం కంపెనీ పేరే దానికి పెట్టారు.

దాంతో ఊళ్లో రెండు రకాల కంచాలయ్యాయి. కొనగలిగినవాళ్లకి సన్నం, రేషన్ షాపు ముందు నిలబడినవాళ్లకి ముతక. ముతక బియ్యం తినలేని ఇళ్లు దాన్ని ఎంతకో అంతకు అమ్మి, పైన డబ్బు వేసుకుని సన్నబియ్యం కొనుక్కున్నాయి. అమ్మకూడదని వాళ్లకీ తెలుసు. పిల్లలు తినకపోతే ఏం చేస్తారు? 2021, 22లో ఉప్పుడు బియ్యం మీద కేంద్రానికీ తెలంగాణకీ పెద్ద గొడవ జరిగింది. యాసంగి ఎండలకు వడ్లను పచ్చిగా మరపట్టిస్తే నూకవుతాయి, అందుకే ఉడకబెట్టి పట్టిస్తారు. ఆ ఉప్పుడు బియ్యం మన వాళ్లు వండుకోరు. వాసనా వేరే, నోట్లో తగిలే తీరూ వేరే. ఒక రాష్ట్రమంతా ఈ అన్నం మా నోటికి పోదంటే అది అలవాటు, సంస్కృతి. ఒక తొమ్మిదేళ్లవాడు అంటే మాత్రం మొండితనమట!

తెలంగాణలో 2015 జనవరి నుంచి హాస్టళ్లకూ బడి భోజనానికీ సన్నబియ్యం ఇచ్చారు. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డులకు సన్నబియ్యం పథకం మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 జూన్ నుంచి బడి భోజనానికి సన్నబియ్యమే. దీన్ని ఓట్ల కోసమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నాకు మాత్రం మా అత్తగారి క్యారేజీ గుర్తొచ్చింది. పేదవాడి నోటికీ ఒక ఇష్టం ఉంటుందని ఒప్పుకోవడానికి 1983 నుంచి నలభై రెండేళ్లు పట్టింది.

ఇదంతా తెలుసుకున్నాక నా లెక్క మార్చుకున్నాను. కిలో ధర ఒక్కటే చూడడం మానేశాను. ధర, వాడి నోరు, నా ఓపిక, మూడూ చూస్తాను. ముతక బియ్యం ఉన్న రోజుల్లో వాటిని దోసెల పిండికీ, ఉప్పుడు పిండి రవ్వకీ, జంతికలకీ వాడాను. రుబ్బాక గింజ గుచ్చుకోదు కదా. ఫోర్టిఫైడ్ గింజలూ అందులోనే కలిసిపోయాయి, ఐరన్ కావలసింది నాకేగా! సన్నబియ్యం మాత్రం అన్నానికి ఒక్కదానికే కొన్నాను. కొనే బస్తా తగ్గింది, పారబోసేది దాదాపు ఆగింది.

సన్నబియ్యం రేషన్‌లో వచ్చాక ఇంకో చిక్కు. కొత్త బియ్యం ముద్దవుతుంది. 2025 జూన్‌లో వానలకు ముందు మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చారు. దాచి చివర్లో తీసిన బియ్యం పొడిపొడిగా ఉడికింది, మావాడు మారు అడిగాడు. అప్పటినుంచి డబ్బా మీద నెల పేరు రాసి, పాతవి ముందు వండుతున్నాను. కొత్తవి వండక తప్పనప్పుడు నీళ్లు తగ్గిస్తాను.

ఓపిక లేని రాత్రి పొద్దుటి అన్నమే పెడతాను. వాడికి నెయ్యీ, కందిపొడీ. మాకు పెరుగన్నం, ఊరగాయ. ఒకే పొయ్యి, ఒకే గిన్నె. రోజూ అదే పెడుతున్నావా అని చుట్టాలు అడుగుతుంటారు. అడగనివ్వండి. మొన్న అత్తగారు మావాడి స్కూలు బాక్సు తెరిచి చూసి, "ఖాళీగా వచ్చిందే!" అన్నారు. ఆ మాటలో ఎంత సంతోషం ఉందో నాకు తెలుసు.