అండమాన్ దీవులలో ఆజాద్ హింద్ పాలన

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అండమాన్ నికోబార్ దీవులు సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలోని ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వానికి చెందిన భూభాగంగా 1943 చివరలో ప్రకటింపబడినవి. బ్రిటిషు వారి చేతినుండి జారిపోయి భారతీయుల పేరిట పాలన ప్రకటింపబడిన మొదటి ప్రాంతంగా వీటిని పేర్కొంటారు. అయితే అసలు అధికారం 1945లో యుద్ధం ముగిసే వరకు జపాను నౌకాదళం చేతిలోనే ఉన్నది.

నేపథ్యం

1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో బ్రిటిషు వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను స్థాపించారు. హైదరాబాదులో నారాయణగూడకు సమీపంలోనే ఉన్న కోఠీ రెసిడెన్సీపై 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అల్లాఉద్దీన్‌ను ఇక్కడికే పంపారు. ఆయన తిరిగి రాలేదు. 1906 నాటికి పూర్తయిన సెల్యులార్ జైలులో రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసు ముద్దాయి ప్రతివాది భయంకరాచారి మొదలగు తెలుగువారు శిక్ష అనుభవించారు. మల్లుదొర ఆ తరువాత 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. ఖైదీల నిరాహారదీక్షల ఫలితంగా 1938 నాటికి రాజకీయ ఖైదీలందరినీ స్వస్థలాలకు తరలించారు.

జపాను ఆక్రమణ, అప్పగింత

1942 మార్చి 23న జపాను సేనలు ప్రతిఘటన లేకుండానే పోర్ట్ బ్లెయిర్‌ను ఆక్రమించాయి.

మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో బోస్ జర్మనీ నుండి జలాంతర్గామిలో బయలుదేరినాడు. ఆయన వెంట ఉన్న ఏకైక భారతీయుడు హైదరాబాదుకు చెందిన అబిద్ హసన్. "జై హింద్" అనే అభివాదాన్ని రూపొందించిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. హిందూ మహాసముద్రంలో జపాను జలాంతర్గామిలోకి మారి, మే నెలలో సుమత్రా సమీపంలోని సబాంగ్ చేరుకున్నారు.

1943 అక్టోబరు 21న సింగపూరులో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వానికి సైన్యం, మంత్రివర్గం ఉన్నాయి కాని పాలించుటకు సొంత నేల లేదు. నేల లేని ప్రభుత్వాన్ని ప్రపంచం ప్రభుత్వంగా గుర్తించడం కష్టం. ఈ కొరత తీర్చడానికే నవంబరులో టోక్యో సమావేశంలో జపాను ప్రధాని టోజో ఈ దీవులను అప్పగిస్తామని ప్రకటించాడు. డిసెంబరు 29న బోస్ పోర్ట్ బ్లెయిర్ చేరి, మరునాడు జిమ్‌ఖానా మైదానంలో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశాడు. అండమాన్‌కు షహీద్ అనీ, నికోబార్‌కు స్వరాజ్ అనీ పేర్లు నిర్ణయించాడు. పోటీ పరీక్షల పుస్తకాలలో ఈ ఘట్టం ఇంతవరకే కనిపిస్తుంది. అసలు కథ ఆ తరువాతిది.

పాలన

1944 ఆరంభంలో వైద్యుడైన ఐ.ఎన్.ఏ. అధికారి ఎ.డి.లోగనాథన్ చీఫ్ కమిషనరుగా వచ్చాడు. యుద్ధావసరాల పేరుతో జపాను వారు పోలీసు శాఖను అప్పగించడానికి అంగీకరించలేదు. పోలీసు లేని పాలనను స్వీకరించడానికి ఆయన ఒప్పుకోలేదు. చివరకు ఆయన చేతికి వచ్చినది విద్యాశాఖ ఒక్కటే. బడులు నడిపే అధికారం ఉన్నది, అరెస్టయిన ఉపాధ్యాయుడిని విడిపించే అధికారం లేదు. అదే సంవత్సరం అనారోగ్యంతో ఆయన దీవులను విడిచి వెళ్ళాడు.

ఈ కాలంలోనే జపాను సైనికులు స్థానికులను గూఢచారులన్న అనుమానంతో చిత్రహింసలు పెట్టారు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక అధ్యక్షుడైన డాక్టర్ దీవాన్ సింగ్ 1944 జనవరి 14న సెల్యులార్ జైలులో మరణించాడు. బోస్ రెండు వారాల క్రితం ఆ జైలును సందర్శించినపుడు ఆయన అందులోనే బందీగా ఉన్నాడు. బోస్ వెళ్ళిన నెల రోజులకు, జనవరి 30న, హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చి చంపారు. వీరిలో పలువురు లీగు సభ్యులే. జపాను అధికారులు బోస్‌ను జనానికి దూరంగా ఉంచినందున ఆయనకు ఈ విషయాలు తెలియలేదని పలువురు చరిత్రకారులు అంటారు. ఎంత తెలిసినదనే దానిపై వాదోపవాదాలు ఉన్నాయి. 1945 నాటికి ఆహార కొరత తీవ్రమై, వందలాది మందిని పడవలలో తీసుకుపోయి సముద్రంలో దింపివేశారు.

ముగింపు, పేర్లు

1945 అక్టోబరులో జపాను సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో లొంగిపోయాయి. దీవులు మరల బ్రిటిషు పాలనలోకి వచ్చి, 1947లో స్వతంత్ర భారతదేశంలో భాగమైనాయి.

2018 డిసెంబరు 30న, పతాకావిష్కరణ 75వ వార్షికోత్సవం నాడు, నీల్ దీవికి షహీద్ ద్వీప్, హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. ఈ మూడూ అండమాన్‌లోనివే. బోస్ స్వరాజ్ అని పిలిచిన నికోబార్‌కు పాత పేరే కొనసాగుతున్నది.