అన్నవరం ఠాణాలో దొరకని తుపాకీ

అన్నవరం అంటే సత్యదేవుడి వ్రతం. విస్తరాకులో కట్టిచ్చే గోధుమనూక ప్రసాదం. రత్నగిరి మెట్లు, కింద పంపా. తెలుగునాట ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు. మా ఇళ్ళల్లో అడిగినా ఇదే చెబుతారు. కొండెక్కి వచ్చిన పొరుగువాళ్ళు మాకూ ఆ ప్రసాదం పెట్టారు, మేమూ తిన్నాం. కానీ ఆ ఊరికి ఇంకో తేదీ ఉంది. 1923 ఏప్రిల్ 17. ఆ రోజు అల్లూరి సీతారామరాజు కొద్దిమంది మనుషులతో మన్యం దిగి అన్నవరం పోలీసు ఠాణాకి వచ్చాడు. తుపాకుల కోసం వెతికాడు. దొరకలేదు. కొండెక్కి స్వామిని చూసుకున్నాడు. ఆయన్ని చూడ్డానికి జనం విరగబడి వచ్చారు. వచ్చిన పాపానికి సర్కారు ఆ ఊరిమీద జరిమానా వేసింది. ఒక మనిషి వచ్చి వెళ్ళినందుకు ఊరంతా శిక్ష కట్టడమంటే ఏమిటో మాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ముస్లింల అస్తిత్వం గురించి రాయమంటే రంప పితూరీ ఎత్తుకున్నాడేమిటి అంటారేమో. ఎత్తుకోక తప్పదు. ఆయుధం ఎవరి చేతిలో ఉండొచ్చు, ఎవరి చేతిలో ఉండకూడదు అనే లెక్క రాసినప్పుడల్లా మన్యం పేరూ మా పేరూ ఒకే చిట్టాలోకి ఎక్కాయి. ఇద్దరి మీదికీ ఒకే పటాలం వచ్చింది.

1854లో మలబారులో ఒక చట్టం వచ్చింది. మాప్పిళ్ళలు యుద్ధకత్తి దగ్గర పెట్టుకోవడం నేరం అంది. దేశమంతటికీ వర్తించే ఆయుధాల చట్టం కాదది. ఒక మతస్తుల నడుములోంచి కత్తి లాక్కోవడానికి, వాళ్ళ పేరు పెట్టి మరీ చేసిన చట్టం. కలెక్టర్ కనోలీ రెండు నెలలు తిరక్కుండానే ఏడు వేలకు పైగా కత్తులు పోగుచేశాడు. మరుసటి ఏడాది ఆ కనోలీనే మాప్పిళ్ళలు చంపారు. కౌలుదారు కడుపుమంట ఎక్కడికీ పోలేదు, కత్తులు మాత్రం పోయాయి.

తర్వాత ఇరవై నాలుగేళ్ళకు, 1878లో, లిట్టన్ దొర ఆయుధాల చట్టం తెచ్చాడు. ఇది అందరికీ. అందరికీ అంటే నల్లవాళ్ళందరికీ. తెల్లవాడికి లైసెన్సు అక్కర్లేదు. మనవాడు మాత్రం దరఖాస్తు పెట్టి, దొర దయ కోసం నిలబడాలి. 1887లో మద్రాసులో కూడిన కాంగ్రెస్ ఈ చట్టం మీద తీర్మానం చేసింది. అహింస బోధించిన గాంధీ సైతం ఒక జాతినంతటినీ నిరాయుధుల్ని చేసిన ఈ చట్టాన్ని బ్రిటిషువాళ్ళ పాపాలన్నిట్లో నల్లటిదిగా లెక్కవేశాడు. కొడవులకు మాత్రం ఈ చట్టం నుంచి మినహాయింపు దొరికింది. ఆ మినహాయింపు తెల్లవాళ్ళు పోయాకా పోలేదు, 2019లో మన ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది. కొడవుల మీద నాకు పేచీ లేదు. నమ్మకాన్ని కూడా జాతి చూసి పంచుతారని చెప్పడానికే ఈ మాట.

ఇక్కడో చిన్న ముచ్చట. తుపాకి అనే మాట తుర్కీ నుంచి వచ్చింది. బందూకు అరబ్బీ. చేతిలో ఇమిడే పిస్తోలుకి తమంచా అన్న పేరు ఫార్సీది. లైసెన్సు ఒక్కటే ఇంగ్లీషు.

1921లో మలబారు మళ్ళీ మండింది. ఆ తిరుగుబాటును అణచడానికే మలబార్ స్పెషల్ పోలీస్ అనే దళాన్ని పుట్టించారు. అది కళ్ళు తెరిచిందే మాప్పిళ్ళల నెత్తురులో. మరుసటి ఏడే దానికి గోదావరి ఏజెన్సీలో పనిపడింది. అక్కడ గాం గంటందొర, మల్లుదొర, వాళ్ళతో సీతారామరాజు. మాప్పిళ్ళ మీద చేయి తిరిగిన తుపాకీని కోయవాడి మీదికి, బగతవాడి మీదికి తిప్పారు. చరిత్ర పుస్తకాల్లో మలబారు ఒక పాఠం, మన్యం ఇంకో పాఠం. ఒకటి మతం కథ, ఒకటి దేశభక్తి కథ. రెండు పాఠాల్లోనూ కాల్చిన దళం ఒకటేనని మా పంతుళ్ళెవరూ చెప్పలేదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు. 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు చేజిక్కాయి. ఏం తీసుకెళ్ళారో లెక్కరాసి సంతకం పెట్టి మరీ తీసుకెళ్ళారు. అవి భుజాన వేసుకునే పోలీసు తుపాకులు, జేబులో పట్టే పిస్తోళ్ళు కావు. అయితే చిన్నదైనా పెద్దదైనా పట్టుకున్నవాడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఎప్పుడు పేల్చాలి, ఎవరి మీద పేల్చకూడదు? దీనికి జవాబు సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో దొరికింది. కింద నడుస్తున్న దళంలో ముందు మన కానిస్టేబుళ్ళున్నారు. వాళ్ళని పోనిచ్చారు. వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరల్నే పడగొట్టారు. చెట్ల చాటున, గుండె దడదడలాడుతూ ఉంటే, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా అంతసేపు ఆగడం మాటలు కాదు. తుపాకీ వాడకం నేర్చుకోవడమంటే నా దృష్టిలో సగం అదే. పేల్చడం ఎవడైనా నేరుస్తాడు.

ఆ దాడుల తర్వాత సర్కారు తెలివి తెచ్చుకుంది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాల మీదికి వెళ్తే ఆయుధాలు లేవు, ముందే తరలించేశారు. అన్నవరంలోనూ అంతే. తూటా ఖర్చయిపోతుంటే కొత్తది రాదు. ఎదుట అస్సాం రైఫిల్స్, మలబారు దళం. 1924 మే 7న రాజుని కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చేశారు. ఇప్పుడు ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. దాదాపు ప్రతి విగ్రహం చేతిలో విల్లే. ఠాణాల్లోంచి ఎత్తుకొచ్చిన తుపాకీ శిల్పులకు నచ్చలేదో, పెట్టించినవాళ్ళకు నచ్చలేదో.

రాజు కథలో ఒక ముస్లిం ఉన్నాడు. పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లాఖాన్. పోలీసుల నిఘాలో ఉన్న రాజు మళ్ళీ మన్యంలో కాలు పెట్టగలిగింది ఆయన సాయంతోనే. సర్కారీ నౌకరే, కానీ మనిషిని చూసి నమ్మాడు. కథ చెప్పేవాళ్ళు ఆయన్ని ఒక వాక్యంలో దాటేస్తారు.

పిస్తోలు దగ్గరికే వద్దాం. 1925 ఆగస్టు 9న కాకోరీ దగ్గర విప్లవకారులు రైలాపి సర్కారు ఖజానా తీసుకున్నారు. వాళ్ళ దగ్గర జర్మన్ మౌజర్ పిస్తోళ్ళున్నాయి. ఇనప్పెట్టె ఎంతకీ పగలకపోతే అష్ఫాఖుల్లాఖాన్ తన మౌజర్‌ను మన్మథనాథ్ గుప్తా చేతికిచ్చి, తాను సుత్తి అందుకున్నాడని చెబుతారు. గుప్తాకి అప్పటికి పదిహేడేళ్ళు. చెయ్యి తడబడి పిస్తోలు పేలింది. ఒక ప్రయాణికుడు చచ్చిపోయాడు. ఆడవాళ్ళ పెట్టెలో ఉన్న భార్య కోసం దిగిన మనిషి. పేరు అహ్మద్ అలీ. ప్రాణం తీయాలని ఎవరూ అనుకోలేదు. కానీ కేసు హత్యానేరంతో బిగిసింది. 1927 డిసెంబరులో నలుగురిని ఉరితీశారు, అష్ఫాఖ్‌ని 19న ఫైజాబాదులో. పేల్చిన గుప్తా వయసు చిన్నదని ఉరి తప్పించుకున్నాడు. అష్ఫాఖ్ పేరు మేం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అహ్మద్ అలీని కూడా గుర్తుపెట్టుకోవాలని నేనంటాను. నేర్వని చేతిలోని పిస్తోలుకి ఎదుటివాడు దొరా, దారిన పోయేవాడా అని తెలియదు.

నేను తుపాకీ ముట్టింది కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు, పాయింట్ టూటూ రైఫిల్. మాకు నేర్పిన హవల్దారు మొదటి రోజు తూటా ఇవ్వలేదు. ఖాళీ తుపాకీతోనే పడుకోబెట్టాడు. లోపల ఏమీ లేదని నీకు తెలిసినా మూతి మనిషివైపు తిప్పకు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉంచు, గురి వెనక ఏముందో చూసుకో, అని పదేపదే చెప్పాడు. గంటసేపు అదే నమాజులా. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే మా అబ్బా మొహంలో నెత్తురు లేదు. బయట ఎవరితోనూ అనకు అన్నాడు. మా అబ్బాయి ఎన్‌సీసీలో తుపాకీ పేల్చాడని పక్కింటాయన వీధి అరుగు మీద కూర్చుని చెప్పుకున్నాడు. ఇద్దరం ఒకే వరసలో పడుకుని పేల్చినవాళ్ళమే. దీపావళికి కూడా అంతే, రీలు తుపాకీ మాకు కొనిచ్చేవాడు కాదు అబ్బా. వాళ్ళ పిల్లల చేతిలో ఉంటే ఆటబొమ్మ. మా చేతిలో ఉంటే ఒక మాట వస్తుంది. ఆ మాట ఏమిటో అబ్బాకి తెలుసు. పీర్ల పండక్కి కర్రసాము తిప్పి ఊరందరితో శెభాష్ అనిపించుకున్న మనిషే ఆయన. వయసు మీదపడేసరికి ఆ కర్ర కూడా అటక ఎక్కించేశాడు.

సాయిబుల ఇంట్లో కత్తి ఉంటుంది, దర్గాలో తుపాకులుంటాయి, మసీదు కింద ఇంకేదో ఉంటుంది. ఈ మాటలు ఎవరు పుట్టించారో గానీ, ఎంత వెతికినా దొరకని ఆయుధం దేశంలో మా ఇళ్ళల్లోనే ఎక్కువగా ఉంది. రజాకార్ల పేరెత్తుతారు. ఎత్తనివ్వండి, వాళ్ళు చేసినదాన్ని నేను కప్పిపుచ్చను. కానీ 1948 ఆగస్టులో రజాకార్లు హైదరాబాదులో కాల్చి చంపిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? తుపాకీ పట్టినవాడూ ముస్లిమే, దానికి ఎదురు రాసి ప్రాణమిచ్చినవాడూ ముస్లిమే. లెక్కలోకి మొదటివాడే వస్తాడు. ఆ మరుసటి నెల పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం కంటపడలేదు.

ఆయుధం ప్రతి పౌరుడి హక్కు కావాలని రాజ్యాంగ సభలోనూ అడిగారు. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ సవరణ పెట్టాడు. 1931 కరాచీ తీర్మానంలో కాంగ్రెసే ఆ హక్కు రాసుకుంది కదా అన్నాడు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. నా మటుకు నాకు అంబేద్కరే సరి. ఇంటింటికీ పిస్తోలున్న ఊళ్ళో మొదట పోయేది బలహీనుడే, మేం ఎక్కడ చూసినా బలహీనులమే. ఆత్మరక్షణ హక్కు మాత్రం పోలేదు. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉండేది, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. ప్రాణం మీదికొస్తే ఎదురు కొట్టొచ్చు, అవసరమైనంత వరకే. దామనపల్లిలో కోయవాళ్ళు పాటించిన కొలత కూడా దాదాపు ఇదే.

పిస్తోలు కావాలంటే 1959 చట్టం కింద లైసెన్సు తెచ్చుకోవాలి. పోలీసులు విచారించి రిపోర్టు ఇవ్వాలి. 2016 నిబంధనల ప్రకారం సురక్షిత వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ పెట్టాలి, ఇది మంచి నిబంధన, చాలా ఆలస్యంగా వచ్చింది. కొనాలంటే కాన్పూరులో చేసే పాయింట్ త్రీటూ రివాల్వర్. ఆడవాళ్ళ ఆత్మరక్షణ కోసమని 2014లో నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చారు, ధర లక్షా ఇరవై వేలు దాటింది. దూది ఏకేవాడి కూతురు, సైకిలు షాపు మస్తాన్ భార్య అది కొంటారా? జాగ్రత్త ఎవరికి కావాలో వాళ్ళకు అందదు. అందినవాళ్ళలో ఎంతమందికి అది రక్షణ, ఎంతమందికి పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చే దర్పం?

ఆ చట్టంలో 14వ సెక్షన్ మావాళ్ళు చదవాలి. దరఖాస్తుదారుకి తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదని అందులో రాశారు. పేరు చూసి కాదనకూడదని రాయలేదు, ఆ సంగతి రాజ్యాంగం 15వ అధికరణ చూసుకుంటుందని అనుకున్నారేమో. బెదిరింపులున్న వ్యాపారి, సాక్ష్యం చెప్పి ఊళ్ళో ఒంటరైపోయిన మనిషి, ఇలాంటి నిజమైన భయం ఉన్నవాళ్ళు మావాళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళు మనకెవరిస్తారులే అని దరఖాస్తే పెట్టరు. పెట్టిన పాపానికి ఠాణాలో పేరు ఎక్కుతుందని భయం. పెట్టండి అంటాను నేను. ముందు శిక్షణ తీసుకోండి, సర్టిఫికెట్ జతచేయండి. కాదంటే ఆ అధికారి కారణం రాసిపెట్టాలి. ప్రజాహితానికి భంగమని అనుకుంటే తప్ప, అడిగినవాడికి ఆ కారణం క్లుప్తంగానైనా ఇవ్వాలి. అదే సెక్షన్‌లో ఉంది. 18వ సెక్షన్ కింద పైకి అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకి వెళ్ళేటప్పుడు ఆ కారణం రాసిన కాగితం చేతిలో ఉండాలి. నోటిమాటగా కాదు పొమ్మంటే ఆ కాగితం అడిగి తీసుకునేదాకా కదలొద్దు.