మైత్రీవనం నుండి మేఘరాజ్ వరకు

పంజగుట్ట కూడలి దాటి అమీర్‌పేట మైత్రీవనం చేరేసరికి గోడలు కానరాకుండ కంప్యూటరు శిక్షణాలయాల పలకలు వ్రేలాడుచుండును. ఆ పలకల మీది పేర్లు మారిన క్రమమే ఒక చరిత్ర. 1991లో ఏర్పడిన భారత సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థకు హైదరాబాదు కార్యాలయం తొలినాళ్ళలో ఈ మైత్రీవనంలోనే ఉండెడిది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట పెద్ద కంపెనీలు పడమటికి తరలినవి. చదువు మాత్రం అమీర్‌పేటలోనే నిలిచినది. 2000 సంవత్సరపు తేదీ చిక్కు వచ్చినప్పుడు కోబాల్, తరువాత జావా, నేడు క్లౌడ్.

క్లౌడ్ అనగా మబ్బులలో ఉండునది కాదు. రైతు తన ధాన్యాన్ని ఇంటి గాదెలో పోయక, అద్దె చెల్లించి గిడ్డంగిలో ఉంచుట వంటిది. పూర్వం ప్రతి ప్రభుత్వ శాఖకు తన గదిలోనే ఒక సర్వర్ ఉండెడిది. ప్రోగ్రాము వ్రాసిన కాంట్రాక్టరు కార్యాలయంలో దానికొక నకలు కూడ ఉండెడిది. ఆ నకలును ఎవరు తెరచినదీ, ఎప్పుడు తెరచినదీ అడుగువారు అరుదు.

ఇట్టి సర్వర్లకు దెబ్బ తగిలిన ఏమగునో 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో తెలిసినది. దుండగులు అచటి సమాచారాన్ని తమకు మాత్రమే విప్పనగు గుప్తలిపిలోనికి మార్చివేసిరి. ఓ.పి. చీట్లు, పరీక్షల ఫలితాలు రోజుల తరబడి చేతితో వ్రాయవలసి వచ్చినది. పంజగుట్ట నిమ్స్ ముంగిట తెల్లవారక ముందే వరుస కట్టు రోగులను చూచినవారికి దాని అర్థం వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ సమాచారాన్ని ఇట్టి విడి గదుల నుండి తరలించు యత్నం అంతకు ముందే మొదలైనది. 2013లో మేఘరాజ్ అను విధానం వెలువడినది. 2014 ఫిబ్రవరిలో జాతీయ సమాచార కేంద్రం తన క్లౌడును ప్రారంభించినది. దాని జాతీయ డేటా కేంద్రాలలో ఒకటి హైదరాబాదులోనే కలదు. ప్రైవేటు క్లౌడు కంపెనీలు ప్రభుత్వ పని చేయగోరిన ఎస్‌టీక్యూసీ తనిఖీకి నిలిచి జాబితాకెక్కవలెను. సమాచారం దేశపు ఎల్లలు దాటరాదు. 2022 నవంబరులో అమెజాన్ తన హైదరాబాదు క్లౌడు ప్రాంతాన్ని ప్రారంభించినది. ఆ సంవత్సరమే ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ, సైబర్ దాడి గుర్తించిన 6 గంటలలో తెలుపవలెననియు, యంత్రాల చిట్టాలను 180 దినాలు దాచవలెననియు ఆదేశించినది.

అమెరికాలో ఈ తరలింపు మరింత కటువుగ సాగినది. రక్షణశాఖ కాంట్రాక్టర్లు 110 భద్రతా నిబంధనలు పాటించవలెను. దీనికి గడువు 2017 చివర అయినను, చాలకాలం కాంట్రాక్టరు తానే "పాటించితిని" అని చెప్పుకొనిన సరిపోయెడిది. బడిపిల్లవాడు తన పరీక్ష తానే దిద్దుకొనుట వంటిదే! బయటివారి తనిఖీతో కూడిన సీఎంఎంసీ నియమం 2025 నవంబరు 10 నుండి కాంట్రాక్టులలో దశలవారీగ చేరుచున్నది. అట్టివారికై మైక్రోసాఫ్ట్ వేరుచేసిన క్లౌడులో వినియోగదారుల సమాచారాన్ని తాకుటకు పరిశీలింపబడిన అమెరికా దేశీయులకే అనుమతి. అమీర్‌పేటలో అజూర్ నేర్చిన విద్యార్థికి అందలి ఆజ్ఞలు చాలవరకు కంఠస్థమే. ఆ తలుపు మాత్రం అతనికి తెరువబడదు.

అయితే గిడ్డంగి గోడ ఎంత మందమైనను తాళపుచెవి గుమ్మానికే వ్రేలాడదీసిన ప్రయోజనం లేదు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం బయటపడి అమ్మకానికి వచ్చినది. జూనులో 20 ఏండ్ల విద్యార్థి ఒకడు పట్టుబడినాడు. భవన భద్రత క్లౌడు కంపెనీది. సంకేతపదాలు, ఎవరికెంత ప్రవేశమను నిర్ణయం వాడుకొనువారివి. సంకేతపదాన్ని ప్రోగ్రాములోనే వ్రాసి ఉంచు అలవాటు పాత యంత్రం నుండి క్రొత్తదానికి చెక్కుచెదరక తరలిపోవును.

తరలింపులో మొదట సమాచారాన్ని వర్గీకరింతురు. పిమ్మట గుప్తలిపిలో పంపి, చేరినది పంపినదానితో సరిపోయినదా యని చూతురు. కడపటి మెట్టు పాత డిస్కులను చెరిపివేసి, చెరిపినట్లు పత్రం వ్రాయుట. పని తీరినదను తొందరలో విడిచివేయబడునది తరచుగ ఇదే. కాంట్రాక్టరు బీరువాలో ఆ పాత నకలు అట్లే ఉండిపోవును.